సున్నపుబోడులో ఎక్కినవాళ్లు

ఇక మీదట బస్సు ఊళ్లో పడుకోదని కండక్టరు సైదయ్య చెప్పినప్పుడు ఎస్తేరు పొయ్యి మీది నుంచి వేడినీళ్లు దించుతోంది. ఆ నీళ్లు అతని స్నానానికే. ఇంకా తెల్లవారలేదు. పంచాయతీ ఆఫీసు ముందు బల్బు కింద డ్రైవరు పళ్లు తోముకుంటున్నాడు. సైదయ్య తువ్వాలు భుజాన వేసుకుని వచ్చి, బకెట్ వైపు చూస్తూ చెప్పేశాడు.

"వచ్చే నెల ఒకటో తారీఖు నుంచి బస్సు పాలకీడులోనే పడుకుంటదక్కా. పొద్దున్నే అక్కడి నుంచే బయల్దేరాలి. సున్నపుబోడు లోపలికి రావద్దన్నారు."

"రావద్దంటే?"

"రావద్దంటే రావద్దనే. డిపోలో కాగితం అంటించారు."

"మేమెట్ల పోవాలె మరి?"

"కంకరమిల్లు దాకా వస్తే అక్కడ ఎక్కించుకుంటాం."

ఎస్తేరు గిన్నె కింద పెట్టి అతని మొహంలోకి చూసింది. కంకరమిల్లు అంటే మెయిన్ రోడ్డు మీది స్టేజీ. ఊరికి నాలుగు కిలోమీటర్లు. రాళ్ల లారీలు తిరిగి తిరిగి ఆ దారి దారిలా లేదు. వాన పడితే మోకాటిలోతు గుంటలు, ఎండ కాస్తే మోకాటిలోతు దుమ్ము.

"ఎందుకట?"

"మీ ఊళ్లో ఎక్కేవాళ్లే లేరంట."

"మేం మనుషులం కాదా ఏంది?" అని ఎస్తేరు నవ్వబోయింది. సైదయ్య నవ్వలేదు. బకెట్ అందుకుని, "నాకేం తెలుసక్కా, పైనుంచి వచ్చింది" అంటూ అటు తిరిగిపోయాడు.

ఆ బస్సు సాయంత్రం మిర్యాలగూడలో బయల్దేరి, నేరేడుచర్ల మీదుగా వచ్చి, కంకరమిల్లు దగ్గర మెయిన్ రోడ్డు వదిలి సున్నపుబోడులోకి దిగుతుంది. డ్రైవరు, కండక్టరు పంచాయతీ ఆఫీసు వరండాలో దోమతెరలు కట్టుకుని పడుకుంటారు. తెల్లవారుజామున అయిదింటికి మళ్లీ మిర్యాలగూడకు. ఎక్కేది ఎక్కువగా ఆడవాళ్లే. రైసుమిల్లుల్లో ఊడ్చేవాళ్లు, హోటళ్లలో గిన్నెలు తోమేవాళ్లు, అపార్ట్‌మెంట్లలో బట్టలుతికేవాళ్లు, ఎస్తేరులా దవాఖానలో ఆయాగా చేసేవాళ్లు. బస్సువాళ్లకు రాత్రి అన్నం, పొద్దున వేడినీళ్లు ఆ ఆడవాళ్లే వంతులు పెట్టుకుని ఇస్తారు. ఇవ్వమని ఎవరూ చెప్పలేదు. మన కోసం ఊరు వచ్చి పడుకున్న మనిషిని పస్తు పడుకోబెడతామా అని మొదలైంది, అలాగే సాగింది.

టికెట్ల సంగతీ అంతే. ఊళ్లోంచి కంకరమిల్లు దాకా బస్సు ఊగే ఊపుకు కండక్టరు నిలబడలేడు, చేతిలో మిషను నిలవదు. అందుకని ఆ నాలుగు కిలోమీటర్లూ సైదయ్య సీట్లోనే కూర్చుని, మెయిన్ రోడ్డు ఎక్కాక లేచేవాడు. అక్కడి నుంచే టికెట్లు కొట్టేవాడు. ఆడవాళ్లూ డబ్బులిచ్చి ప్రయాణం చేసిన రోజుల్లో దానివల్ల మనిషికి అంతో ఇంతో మిగిలేది. "మీ కూర తిన్నోణ్ణి, ఆమాత్రం చెయ్యొద్దా" అనేవాడు. తర్వాత ఆడవాళ్లకు బస్సు ఉచితమైంది. డబ్బులు లేని టికెట్టు ఎక్కడి నుంచి కొడితే ఏమిటని ఎవరూ ఆలోచించలేదు. ఆధార్ కార్డులు చూపించడం, కంకరమిల్లు నుంచి అందరికీ వరసగా చింపి ఇవ్వడం. వచ్చేటప్పుడూ కంకరమిల్లు వరకే. వేరే కండక్టరు డ్యూటీకి వచ్చినా సైదయ్య చెప్పిన పద్ధతే. అది ఆ బస్సుకు అలవాటైపోయింది.

ఆ పొద్దున బస్సులో కూర్చున్నంతసేపూ ఎస్తేరు మనసు నిలవలేదు. దవాఖానలో ఆరున్నరకు హాజరు మిషను మీద వేలు పెట్టాలి. ఆలస్యమైతే సగం రోజు కట్. పోయిన వానాకాలం బస్సు గుంటలో దిగబడి రెండుసార్లు ఆలస్యమైనందుకే సూపర్‌వైజరు స్టీఫెన్ పిలిచి మెల్లగా చెప్పాడు. "నిన్ను పొమ్మంటలేను ఎస్తేరమ్మా. కానీ ఈ పనికి టౌనుల ఇద్దరు రెడీగున్నరు. నేను పైవాళ్లకు ఏం చెప్పాలె?" పాలకీడు నుంచి వచ్చే రెండో బస్సు కంకరమిల్లుకు వచ్చేసరికే ఎనిమిది దాటుతుంది.

ఇంట్లో సంపాదన ఆమెదొక్కటే. భర్త సాంసన్ ఆ కంకరమిల్లులోనే రాళ్లు ఎత్తి ఎత్తి, ఇప్పుడు ఊపిరితిత్తుల నిండా దుమ్ముతో మంచం పట్టాడు. లేచి నాలుగడుగులు వేస్తే ఆయాసం. అతని మందులు కూడా ఆమె పనిచేసే దవాఖాన నుంచే సగం ధరకు వస్తాయి.

రాత్రి అన్నం పెడుతూ సంగతి చెప్పింది.

"బస్సు బందయితే ఇంటి పట్టున ఉంటవ్. మంచిదే" అన్నాడు సాంసన్. "లగ్గమైనకాడికెళ్లి నా మొకం సక్కగ సూసింది లేదు."

"నీ మొకం సూస్తే బియ్యమొస్తయా?"

"దగ్గొస్తది. అదైతే ఫిరీగనే వస్తది."

ఆమె నవ్వింది. అతనూ నవ్వబోయి దగ్గాడు. ఆ దగ్గు ఆగేదాకా వీపు నిమురుతూ కూర్చుంది.

ఆదివారం ప్రార్థన అయ్యాక చర్చి ముందు ఆడవాళ్లంతా కూడారు. ఏం చేయాలో నవనీతే చెప్పింది. ఆ పిల్ల డిగ్రీ చదివి, మిర్యాలగూడలో ఆన్‌లైన్ సెంటర్‌లో పనిచేస్తోంది. సోమవారం సూర్యాపేట కలెక్టరాఫీసులో ప్రజావాణి ఉంటుందని, అన్ని శాఖల ఆఫీసర్లూ వస్తారని, బస్సుల ఆఫీసరు కూడా వస్తాడని చెప్పింది. అర్జీ తానే రాసింది. ఊరంతా పోతే పని పోతుంది కాబట్టి ముగ్గురే వెళ్లాలనుకున్నారు. నవనీత, ఎస్తేరు, రైసుమిల్లులో పనిచేసే ముత్తమ్మ.

"ఎస్తేరు వదినె మాట్లాడాలె" అంది ముత్తమ్మ. "నేను మాట్లాడితే కొట్లాటైతది."

సూర్యాపేటలో ఆ హాలు మనుషులతో కిటకిటలాడుతోంది. ముందు ఒక టేబుల్ దగ్గర అర్జీ ఇస్తే, దాన్ని ఫొటో తీసి, నంబరు వేసి, ఏ ఆఫీసరు దగ్గరికి పోవాలో చెబుతున్నారు. పాస్‌బుక్కు రాని ముసలాయన, ఇల్లు కూలినామె, కాళ్లు లేని పిల్లాణ్ణి ఎత్తుకొచ్చిన తండ్రి. ఒకరి గోడు వింటుంటే తమది గోడే కాదనిపించేలా ఉంది. నిలబడి నిలబడి ఎస్తేరు మోకాళ్లు మండాయి. మధ్యాహ్నం భోజనాల వేళ దాటాక గానీ వాళ్ల వంతు రాలేదు.

బస్సుల ఆఫీసరు నడివయసు మనిషి. విసుక్కోలేదు. "కూర్చోండమ్మా" అని కుర్చీలు చూపించాడు. అర్జీ మొత్తం చదివాడు. తర్వాత ముందున్న ట్యాబ్ మీద ఏదో నొక్కి, వాళ్లవైపు తిప్పాడు.

"ఇది పొద్దున్నే మీ ఊరి నుంచి వెళ్లే బస్సు. ఏ స్టేజీలో ఎంతమంది ఎక్కుతున్నారో గీతలున్నాయి చూడండి. ఇది నేరేడుచర్ల. ఇది కంకరమిల్లు. ఇది మీ ఊరు."

నేరేడుచర్లకు పొడుగాటి గీత. కంకరమిల్లుకు దాదాపు అంతే. సున్నపుబోడు అని పేరున్న చోట ఏమీ లేదు. తెల్లగా ఉంది.

"మూడు నెలల టికెట్ల లెక్క ఇది. పొద్దున మీ ఊళ్లో ఎక్కినవాళ్లు ఒక్కరూ లేరు. రాత్రి దిగినవాళ్లూ లేరు. ఖాళీ బస్సు రోజూ లోపలికి వచ్చి పోతోంది. ఇదివరకు ఏ ఊరికి బస్సు వెయ్యాలన్నా ఎవరో ఒక పెద్దమనిషి ఫోన్ చేయాలి. ఫోన్ చేయించుకునే బలం లేని ఊరికి బస్సుండేది కాదు. ఇప్పుడు అన్ని డిపోలకూ ఒకటే పద్ధతి. మిషన్‌లో ఏముంటే అదే. తిరుమలగిరి దిక్కు ఒక తండాకు మొన్ననే కొత్తగా బస్సు వేశాం. ఎవరు ఫోన్ చేశారు? ఎవరూ లేదు. అక్కడ మనుషులు ఎక్కుతున్నారని ఇదే చెప్పింది."

ఆయన మాటలో తప్పేమీ ఎస్తేరుకు కనిపించలేదు. ఆ తండా ఆడవాళ్లు కూడా తమలాంటి వాళ్లే కదా అనుకుంది. మళ్లీ ఆ తెల్లటి చోటు చూసింది. కంకరమిల్లు గీతను చూసింది. అప్పుడు అర్థమైంది. ఆ గీతలో ఉన్నది తామే. ఆ స్టేజీలో రాళ్ల మిల్లు గేటు, టీ డబ్బా తప్ప ఇంకేం లేవు. అక్కడ ఎక్కడానికి మనుషులెక్కడున్నారు?

నవనీతకు కూడా అర్థమైనట్టుంది. ముందుకు వంగింది.

"సార్, మేం రోజు ఇరవై మందిమి ఊళ్లెనే ఎక్కుతం. గా కండక్టరు..."

ఎస్తేరు చెయ్యి దానంతటదే పోయి నవనీత మణికట్టు పట్టుకుంది.

"కండక్టరు?" అన్నాడు ఆఫీసరు. ట్యాబ్ పక్కన పెట్టి, చేతులు రెండూ టేబుల్ మీద పెట్టుకున్నాడు. "చెప్పమ్మా. టికెట్ లేకుండా తీసుకుపోతున్నాడా? లేకపోతే వేరే స్టేజీ నుంచి కొడుతున్నాడా?"

ఎస్తేరు పట్టు ఇంకా గట్టిపడింది.

"భయపడకండి. అదే నిజమైతే మీరు ముగ్గురూ రాసి సంతకం పెట్టివ్వండి. రేపే అతని మీద యాక్షన్ తీసుకుంటాను. మీ బస్సు కూడా ఆపను. లెక్క తప్పని తేలితే నిర్ణయం మారుతుంది. ఊరికే మారదు."

"యాక్షనంటే ఏం సార్?" అని అడిగింది ముత్తమ్మ.

"ఉద్యోగంలోంచి తీసేస్తారు. మీ టికెట్లకు డబ్బులు లేవు, నిజమే. మగవాళ్లకూ అలాగే కొట్టి ఉంటాడు కదా, అది డబ్బే. ఎంత సర్వీసున్నా సరే, దానికి ఒకటే శిక్ష."

ఎస్తేరుకు కోటయ్య గుర్తొచ్చాడు. ఆమె కోటయ్యను ఎప్పుడూ చూడలేదు. సైదయ్యదీ అతనిదీ కోదాడే. ఇద్దరూ ఒకేసారి కండక్టర్లుగా చేరారట. ఒక్క టికెట్టు తప్పు కొట్టినందుకు కోటయ్య ఉద్యోగం పోయిందట. ఇప్పుడు కోదాడ బస్టాండు బయట బండ్ల పార్కింగ్ దగ్గర కర్ర పట్టుకుని కూర్చుంటాడట. తమ ఇంటి ముందు అన్నం తింటూ సైదయ్య ఈ కథ ఎన్నిసార్లు చెప్పాడో. చెప్పినప్పుడల్లా ముద్ద మధ్యలో ఆపేవాడు. సైదయ్య రిటైర్ కావడానికి ఇంకో ఏడాది ఉంది.

ఆఫీసరు ఆమెనే చూస్తున్నాడు. పెద్దది ఆమేనని తెలిసింది కాబోలు.

"మేం ఊళ్లె ఎక్కం సార్" అంది ఎస్తేరు. "నడిసి కంకరమిల్లు కాడికొస్తం. గాడ ఎక్కుతం."

"బస్సు ఊళ్లోనే ఉంటే నడవడం ఎందుకమ్మా?"

"రోడ్డు బాగలేదు సార్. బస్సుల కూసుంటే కుదుపులకు నడుములు పడిపోతున్నయి. అందుకే ముందుగాల్నే నడిసొస్తం."

"అందరూనా?"

"అందరం."

"రాత్రిపూట కూడా కంకరమిల్లులోనే దిగిపోతారా?"

"దిగుతం సార్."

ఆయన నమ్మలేదు. నమ్మనట్టు మొహంలో కనిపిస్తూనే ఉంది. నవనీత వైపు తిరిగాడు. "నువ్వు చదువుకున్నదానివి. నువ్వు చెప్పమ్మా."

నవనీత ఎస్తేరును చూసింది. ఆ చూపులో కోపం ఉంది, బతిమాలడం కూడా ఉంది. ఎస్తేరు పట్టు వదల్లేదు.

"పెద్దమ్మ చెప్పినట్టే సార్" అంది చివరికి, తల వంచుకుని.

ఆఫీసరు ట్యాబ్ మళ్లీ దగ్గరికి తీసుకున్నాడు. ఆయన గొంతులో వెటకారం లేదు. అలసట ఉంది.

"మరైతే మీకొచ్చిన కొత్త కష్టం ఏముందమ్మా? ఇప్పటిదాకా నడుస్తున్నారు, ఇకముందూ నడుస్తారు. రోడ్డు బాగాలేకపోతే అది మా శాఖ కాదు. ఆ చివరి టేబుల్ దగ్గర ఇంకో అర్జీ ఇవ్వండి." టైపు చేస్తూ చేస్తూ ఆగాడు. "కంకరమిల్లులో ఇంతమంది ఎక్కుతుంటే అక్కడ షెల్టర్ లేనట్టుంది. దానికి రాస్తాను. ఎండకూ వానకూ నిలబడటానికైనా ఉంటుంది."

"మంచిది సార్" అంది ఎస్తేరు. లేచి దండం పెట్టింది.

వాళ్లు బస్టాండుకు చేరకముందే నవనీత ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. మీ అర్జీ పరిష్కరించబడింది అని ఉంది. సేవ ఎలా ఉందో చెప్పమని కింద అయిదు చుక్కలు కూడా ఉన్నాయి. నవనీత అది వాళ్లిద్దరికీ చూపించి, ఫోన్ బ్యాగులో పడేసింది.

బస్సు గరిడేపల్లి దాటింది. ముందు నవనీతే నోరు విప్పింది.

"ఆయన తప్పు ఆయనది పెద్దమ్మా. ఊరంత ఎందుకు మొయ్యాలె?"

"తప్పు ఆయనొక్కనిదేనా? టికెట్ల మిగిలిన పైసలు మనం తినలేదా? ఎన్నడన్న ఒక్కరమన్న వద్దన్నమా? నవ్వుకుంట తీసుకున్నం. గిప్పుడు ఆయనొక్కని మెడకు చుట్టి మనం బస్సెక్కుదమా?"

"అప్పుడు మిగిలింది పదిరూపాలు. గిప్పుడు పోయేది నీ నౌకరి."

ఎస్తేరు తల అటు తిప్పుకుంది. కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. మిరప చేలు, మధ్యలో ఒక పెట్రోలు బంకు, మళ్లీ చేలు.

"నాకు తెల్వదు బిడ్డా" అంది చాలాసేపటికి. "నోట్లకెళ్లి గట్లనే వచ్చింది."

ముత్తమ్మ అప్పటిదాకా వెనక సీట్లో కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందనుకున్నారు. నిద్రపోలేదు.

"దానం నువ్వు జేసినవ్ వదినె" అంది కళ్లు తెరవకుండానే. "కాళ్లు మాయి."

ఆ మాట ఎస్తేరుకు గట్టిగా తగిలింది. ఇరవై మంది తరఫున మాట్లాడమని పంపితే, ఇరవై మందినీ అడగకుండా మాటిచ్చి వచ్చింది. ఊళ్లో దిగాక ఏమైందని అడిగినవాళ్లకు ముగ్గురూ ఒకటే చెప్పారు. "వినలేదు." ఆ ఒక్క మాటా చెప్పడానికి కూడా నవనీత ఆమె మొహం చూడలేదు.

నెలాఖరు దాకా బస్సు వచ్చింది. సైదయ్యకు సంగతి ముత్తమ్మే చెవిన వేసింది. వేడినీళ్ల వంతు తనదైన రోజు బకెట్ అతని ముందు ఠప్పున పెట్టి, "నీ కొలువు నిలవెట్టొచ్చింది మా వదినె. నీళ్లు కాకుంటే పాలు పోసుకో తలకు" అంది. అతను ఆ తడి తువ్వాలుతోనే ఎస్తేరు ఇంటికి వచ్చాడు.

"నేనే పోయి చెప్పేస్తానక్కా."

"ఎప్పుడు పోతవ్?"

"చూస్తాను. ఆ సారు మంచోడే అంటారు."

"మంచోడే. నేను సూసిన." ఎస్తేరు టిఫిను డబ్బాలో అన్నం సర్దుతోంది. చేతులు ఆపలేదు. "నీకు ముందుగాల్నే ఎరికేనా సైదయ్యా? బస్సు ఎందుకు తీసేస్తున్నరో?"

అతను గడప వైపు చూశాడు. "కాగితం చూసిన రోజే తెలిసిందక్కా. అప్పటికే మూడు నెలల లెక్క పోయింది. ఉన్నట్టుండి మీ ఊరి పేరు కొడితే, ఇన్నాళ్లూ ఏం చేశావని అడుగుతారు. ఏం చెప్పను? రాత్రంతా అదే ఆలోచన. నిద్ర లేదు."

"నాకు ఉన్నదా మరి?"

మంచం మీది నుంచి సాంసన్ అన్నాడు, "మీ ఇద్దరికీ లేకపాయె, నా దగ్గుతోని నాకెట్లయిన లేదు. ముగ్గురం కూసొని పాటలన్న పాడుకుందం." సైదయ్య చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

అతను ఆఫీసుకు పోలేదు. పోతాడని ఎస్తేరు కూడా అనుకోలేదు. కానీ రెండు మూడు రోజులు, బస్సు దగ్గరికి పోయినప్పుడల్లా, పోయావా అన్నట్టు అతని మొహం చూసేది. అతను మిషను చూసుకునేవాడు. తర్వాత ఆమె చూడటం మానేసింది.

ఒకటో తారీఖు పొద్దున అందరూ కలిసే నడిచారు. సెల్‌ఫోన్ లైట్లు, చేతుల్లో కర్రలు, టిఫిను డబ్బాలు. మొదటిరోజు అదో సంబరంలా ఉంది. ఎవరో పాత కీర్తన ఎత్తుకున్నారు. రెండోరోజు కుక్కలు వెంటపడ్డాయి. వారం తిరిగేసరికి పాటలు లేవు. రాళ్ల లారీ వస్తే అందరూ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని పక్కకు దిగడం, అది పోయాక మళ్లీ ఎక్కడం. బస్సు పాలకీడు నుంచి నిండి వస్తోంది కాబట్టి కంకరమిల్లులో సీట్లుండవు. నాలుగు కిలోమీటర్లు నడిచి వచ్చి, మిర్యాలగూడ దాకా నిలబడాలి.

ఒక్కొక్కరే తగ్గిపోయారు. ముత్తమ్మ మిల్లు మానేసి ఊళ్లోనే వెంకటేశ్వర్లు అనే రైతు పొలంలో నాట్లకు పోతోంది. కూలి తక్కువైనా ఇంటి దగ్గర ఉంటుంది. ఎస్తేరు ఎదురుపడితే పలకరిస్తుంది గానీ వదినె అనడం లేదు, "ఎస్తేరమ్మా" అంటోంది. నవనీత మిర్యాలగూడలో ముగ్గురమ్మాయిలతో కలిసి మేడ మీద గది కిరాయికి తీసుకుంది. పోయేముందు వచ్చింది. "నీకు కూడ ఒక గది సూడాల్నా పెద్దమ్మా?" అని అడిగింది. ఆ పిల్ల కోపం అప్పటికి చల్లారింది. ఎస్తేరు మంచం వైపు చూపించింది. "ఆయనను ఆ మెట్లెట్ల ఎక్కిస్త బిడ్డా? అయినా గాడ కిరాయి కట్టి ఏం తింటం?" నవనీత ఆమె చెయ్యి పట్టుకుని కాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

కంకరమిల్లు దగ్గరికి ఒకరోజు ఇద్దరు మనుషులు టేపు పట్టుకుని వచ్చి షెల్టర్‌కు కొలతలు తీసుకుపోయారు. అప్పటికి అక్కడ పొద్దున నిలబడేవాళ్లు ఆరుగురు.

దవాఖానలో ఆ నెల ఎస్తేరుకు నాలుగు సగం రోజులు పోయాయి. స్టీఫెన్ ఇప్పుడు ఏమీ అనడం లేదు. అనకపోవడమే ఆమెకు భయంగా ఉంది. ఒకరోజు ఆయన గదిలో కొత్తామె ఎవరో కూర్చుని ఉంటే, పని అయ్యేదాకా ఎస్తేరు ఆ గది తలుపు వైపే చూస్తూ ఉంది. ఆమె ఎవరో పేషెంటు బంధువు.

సైదయ్య బస్సులో ఎప్పటిలాగే అక్కా అని పిలుస్తాడు. తన సీటు ఖాళీ చేసి, "ఇక్కడ కూర్చో" అంటాడు. ఆమె కొన్నిసార్లు కూర్చుంటుంది, కొన్నిసార్లు వినపడనట్టు నిలబడుతుంది. బస్సు ఎక్కడ ఎంతసేపు ఆగిందో కూడా ఇప్పుడు పైన కనిపిస్తోందని అతను ఒకరోజు చెప్పాడు. రెండు నిమిషాలు ఎక్కువ ఆగితే ఎందుకాగావని కాగితం వస్తుందట. ఇది తనకెందుకు చెబుతున్నాడో ఎస్తేరుకు అర్థమైంది. ఆలస్యంగా రావద్దని చెబుతున్నాడు.

ఆ గురువారం సాంసన్‌కు తెల్లవార్లూ ఆయాసం. అతన్ని పట్టుకుని కూర్చునేసరికి బయల్దేరడం ఆలస్యమైంది. మిగతావాళ్లు ముందే వెళ్లిపోయారు. ఒక్కతే నడిచింది. మంచు పట్టి దారి తెల్లగా ఉంది. కుడి మోకాలు ఎక్కడో లోపల గొలుసు బిగుసుకున్నట్టు అడుగడుక్కీ పట్టేస్తోంది. సగం దూరంలో ఒక రాతి కుప్ప మీద కూర్చుంది. లేవబుద్ధి కాలేదు. ఆ సూర్యాపేట హాలు, ఆ ఆఫీసరు, టేబుల్ మీద పెట్టుకున్న ఆయన చేతులు. ఒక్క మాట. కండక్టరు ఊళ్లోంచి టికెట్లు కొట్టలేదు సార్ అని ఒక్క మాట అంటే ఈపాటికి తాను బస్సులో కిటికీ పక్కన నిద్రపోతూ ఉండేది. అని ఉంటే బాగుండేదా అని తనను తాను ప్రశ్నించుకుంది. కోదాడ బస్టాండు బయట కోటయ్యతో కలిపి ఇద్దరు కర్ర పట్టుకుని కూర్చుని ఉండేవాళ్లు. అది తలచుకుంటే అనలేదు. మోకాలు తలచుకుంటే అనాల్సిందే అనిపిస్తోంది. ఏదీ తేలలేదు. లేచి మళ్లీ నడిచింది.

మలుపు తిరిగేసరికి మెయిన్ రోడ్డు మీద బస్సు లైట్లు కనిపించాయి. వచ్చి ఆగింది. ఆరుగురిలో మిగిలిన అయిదుగురూ ఎక్కారు. బస్సు కదల్లేదు. డోర్ దగ్గర సైదయ్య ఆకారం ఇటువైపు వంగి చూస్తోంది. ఇంకా దూరం ఉంది. పరుగెత్తితే రెండు నిమిషాలు. నడిస్తే అయిదారు.

డ్రైవరు హారన్ కొట్టాడు. సైదయ్య లోపలికి తిరిగి ఏదో అన్నాడు. హారన్ ఆగింది.

మొన్నటిదాకా అయితే ఎస్తేరు కొంగు నడుముకు చుట్టి, పళ్లు బిగించి ఉరికేది. తన కోసం ఎవరికీ మాట రాకూడదని ఉరికేది. ఇవాళ కొంగు చుట్టలేదు. ఆగనీ అనుకుంది. ఈ ఒక్క దగ్గర అతన్నీ కొంచెం ఆగనీ.

"అక్కా, జర తొందరగా" అని అక్కడి నుంచి సైదయ్య పిలిచాడు.

"వస్తున్న" అంది ఎస్తేరు. అతనికి వినిపించిందో లేదో. మోకాలు ఎంత పోనిస్తే అంతే, ఒక్కో అడుగూ వేసుకుంటూ వెళ్లింది. బస్సు నిలబడే ఉంది.